నా లెక్క తప్పలేదు, నా అభిప్రాయం నచ్చలేదు

మానవ వనరుల విభాగాధిపతి గారికి,

విషయం: సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూలో నా రాజకీయ అభిప్రాయాన్ని బట్టి నన్ను తిరస్కరించడంపై ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

గత నెల మీ సంస్థలో సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి మూడు రౌండ్లు హాజరయ్యాను. మొదటిది రీకన్సిలియేషన్ పరీక్ష. బ్యాంకు స్టేట్‌మెంటుకీ లెడ్జరుకీ మధ్య తేడా ఎక్కడొచ్చిందో తేల్చమన్నారు. ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు పోస్టయిందని గడువుకన్నా ముందే చూపించాను. రెండో రౌండులో మీ ఫైనాన్స్ మేనేజర్ గారు ఆ కాగితాలు ముందు పెట్టుకుని గంటసేపు మాట్లాడారు, సంతోషంగా పంపించారు. మూడో రౌండుకు మీరు పెట్టిన పేరు ‘విలువల సంభాషణ’. అది 20 నిమిషాలు సాగింది. మూడు రోజులకు మెయిల్ వచ్చింది: నా నైపుణ్యం బాగుందట, నా ఆలోచనలు సంస్థ విలువలతో కలవడం లేదట.

ఆ 20 నిమిషాల్లో జరిగింది మీ దాకా వచ్చి ఉండకపోవచ్చు, అందుకే పూసగుచ్చినట్టు రాస్తున్నాను. నియామకాల్లో వైవిధ్యం, అంటే అన్ని వర్గాలవాళ్లకూ చోటు, పెంచడానికి మేనేజర్లకు ఇంతమంది అని లక్ష్యం పెట్టి, దానికి బోనస్ ముడిపెట్టడం గురించి ఏమంటారని అడిగారు. మనసులో ఉన్నదే చెప్పాను. బోనస్ ముడిపెడితే మేనేజరు దృష్టి మనిషిని వదిలి అంకె మీదికి పోతుందన్నాను. అలా చేరినవాళ్లని ‘లెక్క కోసం తీసుకున్నారు’ అని పక్క సీట్లవాళ్లు చులకన చేస్తారని, ఏ తప్పూ చేయని మనిషి ఆ మాట పడాల్సి వస్తుందని అన్నాను. అంతటితో ఆపలేదు. మీ ఉద్యోగ ప్రకటన ఎవరెవరికి చేరుతోందో, ఎవరికి చేరట్లేదో ముందు చూడమన్నాను. మొదటి వడపోతలో పేరు, ఫొటో, చదివిన కాలేజీ దాచేయమన్నాను. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, అప్పటికప్పుడే మార్కులు వేయమన్నాను.

ప్యానెల్లో ఒకరు, ‘అంటే వైవిధ్యం మీద మీకు నమ్మకం లేదన్నమాట’ అన్నారు. లేకేమండీ, నా అభ్యంతరం దారి గురించే అన్నాను. ‘ఇక్కడ అది చర్చించే విషయం కాదు’ అని ఫైలు మూసేశారు. నాకు కష్టం కలిగించింది ఆ ఫైలు మూసిన చప్పుడే. తిరస్కరణ మెయిల్ కూడా అంత బాధపెట్టలేదు.

నియామకాల్లో వివక్ష లేదని నేనెన్నడూ అనలేదు, అనను. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో బోస్టన్, షికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపారు. తెల్లవారి పేర్లనిపించే వాటికి నల్లవారి పేర్లనిపించే వాటికన్నా 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. 2007లో సుఖదేవ్ థొరాట్, పాల్ ఆటెవెల్ భారతదేశంలోని ప్రైవేటు ఉద్యోగాల మీద ఇదే తరహాలో చేసిన పరిశోధనలో, అవే అర్హతలున్నా దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువని తేలింది. ఈ అన్యాయం నన్ను కలవరపెడుతుంది కాబట్టే పేర్లు దాచమన్నాను. వివక్ష ఎక్కడ దూరుతుందో అక్కడే తలుపు వేయమన్నందుకు, వివక్షను వెనకేసుకొచ్చినదానిలా నన్ను చూశారు.

సంఖ్యా లక్ష్యాలు కావాలనేవాళ్ల వాదనలోనూ బలముంది. ఏళ్ల తరబడి మూసుకున్న వాకిలి మంచి మాటలతో తెరుచుకోదని వాళ్లంటారు. అది తీసిపారేసే మాట కాదు. తెలివైనవాళ్లు, న్యాయం కోరేవాళ్లు రెండు వైపులా ఉన్న విషయమిది. అలాంటి ప్రశ్నకు మీరు ఒక్క జవాబునే సరైనదిగా నిర్ణయించి, దాన్ని ఉద్యోగానికి అర్హతగా పెట్టారు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో ఆమోదించిన 111వ ఒడంబడిక ఉద్యోగంలో ఏయే కారణాల మీద వివక్ష చూపకూడదో పేర్కొంది. జాతి, రంగు, లింగం, మతం, సామాజిక మూలం వంటి వాటి సరసనే రాజకీయ అభిప్రాయం కూడా ఉంది. ఒక ఉద్యోగానికి స్వభావరీత్యా తప్పనిసరైన అర్హతను బట్టి తేడా చూపితే అది వివక్ష కాదని కూడా అందులోనే ఉంది. ఆ ఒడంబడిక నేరుగా కట్టిపడేసేది దాన్ని ఆమోదించిన ప్రభుత్వాలనే గానీ కంపెనీలను కాదని నాకు తెలుసు. అయినా మీ వెబ్‌సైటులో సమాన అవకాశాల గురించి అంత పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. లెడ్జరు సరిచూసే మనిషికి బోనస్ విధానం మీద ఫలానా అభిప్రాయమే ఉండాలనడం ఏ రకంగా తప్పనిసరి అర్హత అవుతుంది?

సహోద్యోగులతో ఎలా ప్రవర్తిస్తానో తెలుసుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది. నా పాత టీములో వేరే భాషవాళ్లు, వేరే మతంవాళ్లు, వయసులో నాకన్నా చాలా పెద్దవాళ్లు ఉండేవారు. నాలుగేళ్లు వాళ్లతో కలిసి పనిచేశాను. ఏ గొడవ వచ్చింది, ఎలా సర్దుకున్నాం, ఎవరికి నేర్పించాను, ఎవరి దగ్గర నేర్చుకున్నాను? ఇవేవీ అడగలేదు. నా పని గురించి చెప్పగలరని నేను పేర్లిచ్చిన ఇద్దరిలో ఎవరికీ ఫోను కూడా చేయలేదు. నాతోపాటు అదే రోజు వచ్చిన మరో అభ్యర్థిని ఆ రౌండులో టీములో తగాదాలు ఎలా తీర్చారని అడిగారట. బోనస్ లక్ష్యాల ప్రశ్న ఆమెను అడగనే లేదట. ఒకరికి ఒక ప్రశ్న, ఇంకొకరికి ఇంకో ప్రశ్న అయితే ఇద్దరినీ ఏ తూకంతో తూచినట్టు?

అభిప్రాయాన్ని తూకంలో వేస్తే ఏమవుతుందో చూపిన పరిశోధన కూడా ఉంది. 2015లో షాంతో అయ్యంగార్, షాన్ వెస్ట్‌వుడ్ అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, స్కాలర్‌షిప్ ఎవరికివ్వాలో ఇద్దరు విద్యార్థుల్లో ఒకరిని ఎంచమంటే, పార్టీ అభిమానం ఉన్నవాళ్లలో దాదాపు 80 శాతం తమ పార్టీ విద్యార్థినే ఎంచుకున్నారు. అవతలి విద్యార్థికి మార్కులు ఎక్కువున్నా చాలామంది మనసు మారలేదు. మీ ప్యానెల్ సభ్యులు చెడ్డవాళ్లని నేననడం లేదు. మనుషులంతా ఇంతే, నాతో సహా. అందుకే ఆ ప్రశ్న ఆ గదిలోకి రాకూడదంటున్నాను. అధ్యాపకుల నియామకాల్లో అభ్యర్థుల చేత వైవిధ్యం మీద తమ వైఖరి చెప్పే ప్రకటన రాయించుకునే పద్ధతిని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 2024లో మానుకుంది. బలవంతపు ప్రకటనలు భావస్వేచ్ఛకు అడ్డుపడతాయని, పైగా పనిచేయవని దాని అధ్యక్షురాలు చెప్పారు.

సంఖ్యా లక్ష్యాలను సమర్థించినందుకు రేపు ఇంకెవరినైనా ఏ కంపెనీ అయినా ఇలాగే పంపించేస్తే, వాళ్ల తరఫున కూడా ఈ ఉత్తరమే రాస్తాను. ఒక్క వాక్యం మార్చాల్సిన పని ఉండదు.

నా మూడు రౌండ్ల మార్కుల పత్రాలు, మూడో రౌండుకు మీరు రాసి పెట్టుకున్న కొలమానం ఉంటే దాని ప్రతి నాకు పంపండి. అలాంటి కొలమానం లేకపోతే లేదనే రాయండి. ఆ ప్యానెల్‌తో సంబంధం లేని మరొకరి చేత నా దరఖాస్తు మళ్లీ చూపించండి. ఉద్యోగం ఇప్పటికే వేరొకరికి ఇచ్చేసి ఉంటే వాళ్లను కదపమని నేనడగను, వాళ్ల తప్పేమీ లేదు. మూడో రౌండులో విధానాల మీద అభిప్రాయాలు అడగడం మాని, ప్రవర్తన గురించి అందరినీ అవే ప్రశ్నలు అడిగేలా మార్చండి. ఈ చివరిది నాకు ఉద్యోగం వచ్చినా రాకపోయినా జరగాలని కోరుతున్నాను.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు. పరీక్ష పత్రం, తిరస్కరణ మెయిల్ ప్రతులు జతచేశాను.

ఇట్లు,
సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన అభ్యర్థిని