డిశ్చార్జ్ అన్నాక పది గంటలు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆరోగ్య బీమా మీద మీ పేపర్లో వచ్చే వ్యాసాలు నేను వదలకుండా చదువుతాను. పాలసీ ఎలా ఎంచుకోవాలి, ఎంత మొత్తానికి తీసుకోవాలి, ఇవన్నీ బాగానే చెబుతున్నారు. కానీ ఆ పాలసీ ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరాక బిల్లు దగ్గర ఏం జరుగుతుందో ఎవరూ రాయడం లేదు, అందుకే నేను రాస్తున్నాను.

మా అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే ఆపరేషన్ చేశారు. బాగా చేశారు, డాక్టర్ల మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మూడో రోజు పొద్దున పదింటికి పెద్ద డాక్టర్ వచ్చి చూసి, ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చు అన్నారు. నర్సు వచ్చి అమ్మ చేతికున్న సూది తీసేసి, దూది పెట్టి ప్లాస్టర్ వేసింది. అమ్మ బట్టలు మార్చుకుని బ్యాగు పక్కన పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. అలా కూర్చున్న మనిషి అక్కడి నుంచి కదిలింది రాత్రి ఎనిమిదిన్నరకి. ఎన్నిసార్లు కిందికి వెళ్లి అడిగినా ఒకటే జవాబు, ఇన్సూరెన్స్ నుంచి అప్రూవల్ రాలేదని. నాలుగింటికి ఒక క్వెరీ వచ్చింది: పేషెంటుకి బీపీ ఎప్పటి నుంచి ఉంది, మొదటిసారి చూసిన డాక్టర్ చీటీ పంపండి. ఎన్నో ఏళ్ల కిందటి చీటీ అది, ఎవరి దగ్గర ఉంటుంది? గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కీ దానికీ సంబంధం ఏంటని అడిగితే డెస్క్‌లో ఉన్న అబ్బాయి, "నాకేం తెలీదు మేడమ్, పోర్టల్‌లో అలా వచ్చింది" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, పొద్దున్నుంచీ వాడు కుర్చీలోంచి లేవలేదు. నాకు బాధేసింది సాయంత్రం ఆరింటికి. అమ్మకి కుట్ల దగ్గర నొప్పి మొదలైంది, ఒక మాత్ర ఇవ్వమంటే, ఫైనల్ బిల్లు క్లోజ్ అయిపోయింది కాబట్టి వార్డు నుంచి మందులు ఇవ్వడం కుదరదన్నారు. అంటే డాక్టర్ లెక్కలో అమ్మ ఇంటికెళ్లిపోయింది, బిల్లు లెక్కలో ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. నేను కిందికెళ్లి నా డబ్బుతో మాత్ర కొనుక్కొచ్చి వేశాను.

బీమా కంపెనీ అనుమానపడటంలో అసలు అర్థమే లేదని నేను అనను. ఇన్సూరెన్స్ ఉందని తెలియగానే టెస్టులు పెంచే ఆసుపత్రులున్నాయి, ఉన్న జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకునేవాళ్లూ ఉన్నారు. కానీ కంపెనీకీ ఆసుపత్రికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోతే ఆ తగాదా వాళ్లిద్దరూ తేల్చుకోవాలి కదా, కుట్లు వేసిన మనిషిని మధ్యలో కూర్చోబెట్టి తేల్చుకోవడం ఏంటి? ఒక క్వెరీ వెయ్యడానికి కంపెనీకి ఖర్చేమీ లేదు, దానికి జవాబు తేవడానికి మాత్రం ఇంటిల్లిపాదీ పరుగెత్తాలి.

ఇది ఒక్క చోటి సమస్య కాదు. భారత్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో రూల్ పెట్టింది. క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టాలన్న రిక్వెస్ట్ వచ్చిన గంటలోపు నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ రిక్వెస్ట్ వచ్చాక 3 గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి, అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. అమెరికాలోనూ అదే ఏడాది ప్రభుత్వ బీమా పథకాలను చూసే సంస్థ, 2026 నుంచి వైద్యానికి ముందే బీమా కంపెనీ దగ్గర తీసుకోవాల్సిన అనుమతులకు అర్జెంటు కేసుల్లో 72 గంటలు, మామూలు కేసుల్లో 7 రోజులు గడువు పెట్టి, కాదంటే ఎందుకు కాదంటున్నారో కారణం చెప్పాలంది. రెండు దేశాల్లో బీమా పద్ధతులకు పోలికే లేదు, అయినా గడియారం పెట్టాల్సిన అవసరం రెండు చోట్లా వచ్చింది. అయితే ఆ 3 గంటలు లెక్కపెట్టేది ఆసుపత్రి నుంచి కంపెనీకి రిక్వెస్ట్ అందాక. డాక్టర్ ఇంటికెళ్లొచ్చు అన్న దగ్గర్నుంచి బిల్లు తయారై పంపేదాకా పోయే టైము ఎవరి ఖాతాలోనూ పడదు. ఆ రోజు మా ఫైనల్ బిల్లు ఒంటిగంటన్నర దాకా వెళ్లనే లేదు.

అమ్మ విషయంలో పోయింది ఒక రోజే. మా బాబాయి సంగతి వేరు. ఆయన ఒకసారి జ్వరంతో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రిజెక్ట్ చేశారు. "పాలసీ నిబంధనల ప్రకారం ఈ క్లెయిమ్ చెల్లింపునకు అర్హం కాదు", అంతే, ఒక్క వాక్యం. ఏ నిబంధనో లేదు, ఎవరు చూశారో లేదు. ఆయనకి అర్థమైందల్లా ఒకటే, ఆసుపత్రికి వెళ్తే డబ్బు మనమే కట్టుకోవాలి. ఆ తర్వాత షుగర్ చెకప్‌లకి వెళ్లడం మానేశారు, కాలికి చిన్న పుండు పడినా రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా మేజోడు వేసుకుని తిరిగారు. చివరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆ ఆపరేషన్‌కి మాత్రం అదే పాలసీ డబ్బు కట్టింది.

ఖర్చు భయం పెడితే జనం అనవసరంగా ఆసుపత్రికి పోవడం మానేస్తారని ఒక వాదన ఉంది. 1970ల్లో అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ దీని మీదే పెద్ద ప్రయోగం చేసింది. కొన్ని కుటుంబాలకి వైద్యం పూర్తిగా ఉచితం, మిగతావాళ్లు ఖర్చులో కొంత భాగం కట్టుకోవాలి. కట్టాల్సినవాళ్లు ఆసుపత్రికి తక్కువ వెళ్లారు, నిజమే, కానీ అనవసరమైనవి ఎంత తగ్గాయో అవసరమైనవీ అంతే తగ్గాయి. పేదవాళ్లలో బీపీ ఉన్నవాళ్లకి ఉచిత వైద్యంలోనే బీపీ మెరుగ్గా అదుపులో ఉంది. ఏది అవసరమో రోగికెలా తెలుస్తుంది? అది తెలియకే కదా డాక్టర్ దగ్గరికి వెళ్లేది.

అప్పీలు చేసుకోవచ్చుగా అంటారు. చేసుకోవచ్చు. భారత్‌లో కంపెనీ కాదన్నాక ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారికి ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. బాబాయికి ఈ సంగతి చెప్పినవాళ్లే లేరు. అమెరికాలో ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా అమ్మే పాలసీల లెక్కలు కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ చూస్తుంటుంది, తిరస్కరించిన క్లెయిముల్లో అప్పీలుకి వెళ్లేవి నూటికి ఒకటి కూడా ఉండటం లేదని చెబుతోంది. ఒంట్లో బాగాలేని మనిషికి, వాళ్లని చూసుకుంటూ ఉద్యోగం చేసుకునే మనిషికి ఓపిక ఎక్కడుంటుందండీ.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కాదు. గడియారం డాక్టర్ ఇంటికెళ్లొచ్చు అన్న నిమిషం నుంచి మొదలవ్వాలి, అందులో ఆసుపత్రి వాటా ఎంత, కంపెనీ వాటా ఎంత అన్నది వాళ్లే పంచుకోవాలి. ప్రశ్నలు ఏవైనా ఉంటే రోగి చేరిన రోజే అన్నీ కలిపి ఒకేసారి అడగాలి, ఇంటికెళ్లే రోజు సాయంత్రం ఒక్కొక్కటిగా కాదు. కాదంటే ఏ నిబంధన ప్రకారం కాదన్నారో, కంపెనీ తరఫున ఫైలు చూసిన డాక్టర్ పేరేంటో రోగికి వచ్చిన భాషలో కాగితం మీద ఇవ్వాలి, ఎక్కడ ఫిర్యాదు చేయాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. పైన ఒక డాక్టర్ పేరు రాయాల్సి వస్తే ఒక్క వాక్యంతో రిజెక్ట్ చేయడం అంత తేలిక కాదని నా నమ్మకం.

మీ పేపర్ని కోరేది కూడా ఒకటుంది. పాఠకులకి ఇలా వచ్చిన రిజెక్షన్ లెటర్లు తెప్పించుకుని, పేర్లు తీసేసి, వారానికి ఒకటి చొప్పున అచ్చు వేయండి, పక్కనే బీమా తెలిసినవాళ్ల చేత అది సరైనదో కాదో రాయించండి. బాబాయికి వచ్చిన ఆ ఒక్క వాక్యం ఉత్తరం మా దగ్గర ఇంకా ఉంది, మొదటి వారానికి అది పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు