టీవీ తెరపై ఎంపిక కొన్నవాళ్లదే కావాలి: సీసీఐ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయ భారత పోటీ కమిషన్ (సీసీఐ) అధ్యక్షులు గారికి,

విజయనగరం, బొబ్బిలి, రాజాం ఇళ్లలో టీవీలు బిగించి, బాగుచేసే మెకానిక్‌ల నమస్కారాలు.

ఆండ్రాయిడ్ టీవీ కేసులో 2025 ఏప్రిల్‌లో గూగుల్‌తో మీరు ఆమోదించిన రాజీ ఒప్పందాన్ని, గూగుల్ రూ.20.24 కోట్ల చెల్లింపును స్వాగతించాం. గూగుల్ యాప్‌ల దుకాణమైన ప్లే స్టోర్‌కు టీవీ కంపెనీలు విడిగా లైసెన్స్ తీసుకునే వీలు వచ్చింది. అయితే అది తయారీదారుకు దొరికిన ఎంపిక. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు తెర మీద ఏం మారింది?

హోమ్ తెరపై సినిమాలు, షోల సిఫార్సులు వద్దంటే, ఆండ్రాయిడ్ టీవీపై నడిచే గూగుల్ టీవీలో ఉన్న ఒక దారి: సెట్టింగ్స్, అకౌంట్స్, ప్రొఫైల్, ఆపైన 'యాప్స్ ఓన్లీ' మోడ్. అది పెడితే మాటతో వెతికే సౌకర్యం కూడా పోతుంది, పైవరసలో ప్రకటనలు మాత్రం ఉండిపోతాయి. టైపు చేయలేని పెద్దవాళ్లకు నోటితో వెతకడమే ఆధారం. ఈ రెండింటినీ ముడిపెట్టడం అన్యాయం.

టీవీ వేయగానే సెట్‌టాప్ బాక్స్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టుకు నేరుగా వెళ్లే సెట్టింగ్ ప్రతి మోడల్‌లో ఉండాలి. అది లేనిచోట సప్తగిరి ఛానల్ చూడాలన్నా ముందు హోమ్ తెర దాటాలి. రిమోట్‌పై యాప్ బటన్లను మార్చుకోనివ్వాలి. మొదటి సెటప్‌లోనే, తెలుగులో, ఇవన్నీ అడగాలి.

తయారీదారులకు ఈ మేరకు ఆదేశాలివ్వండి.

ఇట్లు,
విజయనగరం జిల్లా టీవీ మెకానిక్‌లు