హోల్‌బ్రూక్‌లో మా అమ్మ వడియాలు కాపాడిన పెద్దాయనకు

నిన్న అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాం. సామాన్లు ఇంకా బండిలోనే ఉన్నాయి, పిల్లలు సోఫాలో పడి నిద్రపోతున్నారు. ఒళ్ళంతా నొప్పులు. అయినా ఇది రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

డాలస్ నుంచి గ్రాండ్ కెన్యన్ చూడ్డానికి ఆర్వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, బయల్దేరాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మ కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి పడక, వంటిల్లు, బాత్రూం బండిలోనే ఉంటే హాయి కదా అని. ఆల్బకర్కీ, గాలప్ దాటి అరిజోనాలోకి వచ్చాక ఎత్తు ఎక్కినప్పుడల్లా ఇంజన్ పట్టు తప్పుతూ వచ్చింది. హోల్‌బ్రూక్ అనే ఊరు చేరుతుండగా పూర్తిగా ఆగిపోయింది. సెల్ఫ్ కొడుతోంది, స్టార్ట్ కావడం లేదు. పెట్రోల్ ట్యాంకులో ఉండే ఫ్యూయల్ పంపు పోయిందని తర్వాత తేలింది.

పంపు మార్చడం పెద్ద పనేమీ కాదట. మమ్మల్ని వారం పైన కూర్చోబెట్టింది మిగతా తతంగమంతా. ఆర్వీలు బాగుచేసే చోటికి ఫోన్ చేస్తే "మేం ఇంటి భాగమే చూస్తాం, ఇంజన్, ఛాసీ (కింది చట్రం) మా పని కాదు" అన్నారు. ఇంజన్ చూసేవాళ్ళేమో "అంత ఎత్తు బండి మా షెడ్డులో పట్టదు" అన్నారు. చివరికి హోల్‌బ్రూక్‌లోనే ఒక చిన్న షాపు యజమాని ఒప్పుకున్నాడు. అప్పుడు సర్వీస్ కాంట్రాక్ట్ కంపెనీ, అంటే రిపేర్ల ఖర్చు భరిస్తామని ముందే డబ్బు కట్టించుకున్న కంపెనీ వంతు వచ్చింది. ట్యాంకు కిందికి దించి చూపిస్తే తప్ప క్లెయిము చూడరట. వాళ్ళ ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చి చూడాలి, ఆయన చూసేదాకా పంపు ఆర్డర్ పెట్టకూడదు. క్లెయిము ఒప్పుకోకపోతే ట్యాంకు దించిన కూలీ మాదే. ఈలోగా జూలై 4 సెలవు, దాని వెనకే శని, ఆదివారాలు. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త గొంతు, మళ్ళీ మొదటి నుంచీ కథంతా చెప్పాలి. డబ్బులు కట్టించుకునేటప్పుడు పది నిమిషాల్లో అయిపోయిన కాగితం, పని పడినప్పుడు ఇంతమంది సంతకాలు ఎందుకు కోరుతుందో ఎవరైనా చెప్పాలి. ముసలివాళ్ళు, పిల్లలు అదే బండిలో పడుకుంటున్నారని ఎన్నిసార్లు చెప్పినా "అర్థం చేసుకోగలం మేడమ్" అన్నారు తప్ప ఒక్క రోజు ముందుకు జరపలేదు.

ట్యాంకు దించితే ఇంకో చిక్కు. మా ఆర్వీలో జనరేటర్ కూడా అదే ట్యాంకులోంచి పెట్రోల్ తీసుకుంటుంది. ట్యాంకు లేకపోతే జనరేటర్ లేదు. షాపు ఆవరణలో ఉన్నది మామూలు 15 ఆంప్స్ ప్లగ్గు. ఏసీ వేసిన కాసేపటికే బ్రేకర్ పడిపోయేది. జూలై ఎండ. అమ్మ తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చుంది.

అప్పుడు వచ్చాడు ఆ పెద్దాయన. షాపు వెనక కంచెకు అవతల ఇల్లు ఆయనది. డెబ్భై దాటిన మనిషి. మమ్మల్ని ఏమీ అడగలేదు. అమ్మ ఆర్వీ మెట్లు దిగడానికి పడుతున్న అవస్థ కంచె మీంచి చూశాడట. గంటలో రంపం, సుత్తి చప్పుడు వినిపించింది. తర్వాత చెక్కతో చేసిన వెడల్పాటి పీట ఒకటి తెచ్చి మెట్టు కింద పెట్టి, దాని మీద తనే రెండుసార్లు ఎక్కి దిగి, కదలడం లేదని చూసుకుని, అమ్మకు సైగ చేశాడు. అమ్మ చెయ్యి పట్టుకోకుండా దిగింది.

తన ట్రైలర్ కోసం ఇంటి గోడకు 30 ఆంప్స్ ప్లగ్గు పెట్టించుకున్నాడు. షాపాయనతో మాట్లాడి మా బండిని కంచె పక్కకు జరిపించి, ఆ లైను మాకిచ్చాడు. కరెంటు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. మర్నాడు పొద్దున్నే తన పికప్ ట్రక్కు తాళాలు మా ఆయన చేతిలో పెట్టి, "ఇంత దూరం వచ్చి షాపులో కూర్చుంటారా? పెట్రిఫైడ్ ఫారెస్ట్ ఇక్కడే ఉంది, పిల్లలకు చూపించండి" అన్నాడు. మా ఊరు తెలీదు, పేర్లు సరిగ్గా పలకలేడు, లైసెన్సు కూడా చూపించమనలేదు.

ఆ పార్కు మా ప్లానులోనే లేదు. 20 కోట్ల ఏళ్ళకు పైబడిన చెట్లు అక్కడ రాళ్ళై పడి ఉన్నాయి. అప్పటి నదులు మానులను కొట్టుకొచ్చి మట్టిలో పూడ్చేస్తే, అగ్నిపర్వతాల బూడిదలోని సిలికా నీళ్ళలో కరిగి చెక్కలోకి ఇంకి, కాలక్రమాన కొయ్యంతా క్వార్ట్జ్ అయిపోయిందట. ఎరుపు, పసుపు రంగులు ఇనుము వల్ల. ముక్కలు రంపంతో కోసినంత నున్నగా తెగి ఉంటే మా అబ్బాయి "ఎవరు కోశారు?" అన్నాడు. ఎవరూ కొయ్యలేదు, క్వార్ట్జ్ పెళుసు కాబట్టి నేల పైకి లేచినప్పుడు అలా విరిగిపోయాయని పార్కు ఉద్యోగి, రేంజర్, ఓపిగ్గా చెప్పింది. చిన్న ముక్క కూడా తీసుకెళ్ళకూడదు. దొంగతనంగా తీసుకెళ్ళినవాళ్ళు ఏళ్ళ తర్వాత క్షమించమని ఉత్తరం రాసి తిరిగి పంపిస్తుంటారట. ఏ రాయి ఎక్కడిదో తెలీదు కాబట్టి వాటిని మళ్ళీ నేల మీద పెట్టలేక విడిగా ఒక కుప్పగా పోశారట. అది విని అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 28 మైళ్ళ రోడ్డు, మధ్యలో పాత హైవే రూట్ 66 ఆనవాలు, రాళ్ళ మీద పూర్వీకులు చెక్కిన బొమ్మలు, చివర రంగురంగుల పెయింటెడ్ డెజర్ట్. ఇంకో రోజు విన్‌స్లో అవతల ఉన్న ఉల్క గొయ్యి కూడా చూశాం. 50 వేల ఏళ్ళ కిందట పడ్డ ఉల్క చేసిన గొయ్యి అది, అడ్డంగా దాదాపు 1.2 కిలోమీటర్లు. అపోలో వ్యోమగాములు అక్కడ శిక్షణ తీసుకున్నారని తెలిశాక పిల్లలు దిగి రామన్నారు.

అసలు చెప్పాల్సింది పార్కుకు రెండోసారి వెళ్ళిన రోజు గురించి.

అక్కడి పొడి ఎండ చూసి అమ్మ ఊరుకోలేకపోయింది. సంచిలో ఉన్న సగ్గుబియ్యం ఉడికించి, ప్లాస్టిక్ షీట్ల మీద వడియాలు పెట్టింది, షాపు పక్కన పిక్నిక్ బల్ల మీద. అక్కడ కాకులు మన కాకులకంటే పెద్దవి. పెద్దాయన అది గమనించి పాత కిటికీ మెష్ ఒకటి తెచ్చి మీద కప్పాడు. అవేమిటో అడగలేదు కూడా. ఎలాగూ సాయంత్రానికి ఎండిపోతాయని అమ్మ మాతో పార్కుకు వచ్చింది.

పార్కులో బ్లూ మేసా అనే చోట ఉండగా పడమట నల్లగా కమ్ముకొచ్చింది. జూలైలో అక్కడ మధ్యాహ్నాలు వాన దిగుతుందట. మెరుపులు మొదలవగానే బయల్దేరాం. దారంతా కుండపోత. అమ్మ "పోతే పోయాయిలే" అంటూనే ఉంది గానీ, ఆమె మొహం నాకు తెలుసు. తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీ. మెష్ పక్కన పడి ఉంది.

పెద్దాయన తన గుమ్మంలోంచి పిలిచాడు. లోపలికి వెళ్తే ఆయన భోజనాల బల్ల మీద, మంచం మీద, కుర్చీల మీద మా వడియాల షీట్లు. కింద ప్లైవుడ్ చెక్క దూర్చి ఒక్కో షీటూ పెట్టింది పెట్టినట్టు ఎత్తుకొచ్చాడు. ఒక్క వడియం కూడా చెదరలేదు. వాటికి ఫ్యాను పెట్టి, తను మాత్రం తడి చొక్కాతోనే నిలబడ్డాడు. "ఇవేమిటో నాకు తెలీదు. ఆవిడ పొద్దుట్నుంచీ వీటి చుట్టూనే తిరుగుతుంటే చూశాను" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ రాలేదన్నప్పుడు నేను ఏడవలేదు. కెన్యన్‌లో బుక్ చేసుకున్న రాత్రులు పోయినప్పుడూ ఏడవలేదు. ఆ గదిలో మాత్రం ఆపుకోలేకపోయాను. అమ్మ "అన్నయ్యగారూ" అని చేతులు జోడించింది. ఆయనకు మాట అర్థం కాలేదు, తనూ అలాగే జోడించాడు.

ఆ సాయంత్రం వడియాలు వేయించి పప్పన్నంతో పెట్టింది అమ్మ. అప్పుడు తెలిసింది, ఆయన రైల్వేలో రిటైరయ్యాడని. పాత శాంటా ఫే రైల్వే రోజుల్లో, గూడ్సు బండి చివరి పెట్టెలో, క్యాబూస్‌లో ప్రయాణించే బ్రేక్‌మన్‌గా మొదలుపెట్టాడట. మా నాన్నగారు కాజీపేటలో గూడ్స్ గార్డు. చివరి బ్రేక్ వ్యానులో కూర్చుని ఎన్ని రాత్రులు ఇంటికి దూరంగా గడిపారో అమ్మకే తెలుసు. ఆయనకు అది అనువదించి చెప్తే తినడం ఆపేశాడు. "రాత్రుళ్ళు మీరు నిద్రపోయేవారా?" అని అమ్మను అడిగాడు. "బండి కూత వినపడితేనే నిద్ర పట్టేది" అంది అమ్మ. హోల్‌బ్రూక్‌లో పట్టాలు ఊరి మధ్యనుంచే వెళ్తాయి, రాత్రంతా కంటైనర్ బళ్ళు. మేమందరం ఉలిక్కిపడి లేస్తుంటే అమ్మ మాత్రం వారం పొడుగునా హాయిగా పడుకుంది. నాన్న పోయాక ఆమె అలా నిద్రపోవడం నేను చూడలేదు.

సార్, మీరు ఇది చదవలేరు. మా అమ్మాయి ఇంగ్లీషులో రాసి, మా ఫోటో పెట్టి, పోస్టులో పంపిస్తుంది. వడియాల పొట్లం కూడా.

మా ఆయన, మా తమ్ముడు, డాలస్‌లో ఇల్లు చూసుకున్న అత్తయ్యగారు, మామయ్యగారు, మీకు విడిగా చెప్పనక్కర్లేదు.

షాపు యజమానికి చాలా రుణపడ్డాం. కంపెనీ డబ్బు రాకముందే పని మొదలుపెట్టాడు, పంపు అందిన రోజు చీకటి పడేదాకా ఉండి బిగించాడు. పార్ట్స్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఫీనిక్స్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసిందో. మమ్మల్ని హైవే మీంచి తెచ్చిన టో ట్రక్ తమ్ముడు, నవాహో తెగవాడు, పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్తూ వాళ్ళ భయం పోగొట్టాడు. ఊరి లైబ్రరీలో నాకు ఆఫీసు మీటింగుల కోసం ఒక మూల గది ఇచ్చినవాళ్ళకు కూడా థాంక్స్. ఆల్బకర్కీలో ఉండే తెలుగు దంపతులు, ఎవరో చెబితే ఫోన్ చేసి "కారు పంపించమంటారా?" అన్నారు. అవసరం పడలేదు గానీ ఆ మాట మర్చిపోను.

ఇంకొకరు మిగిలిపోయారు! బండి ఆగిన మొదటి పావుగంటలో లారీ ఆపిన పంజాబీ అన్న. ఆయన తన హెచ్చరిక త్రికోణాలు తీసి మా వెనక దూరంగా పెట్టి, టో ట్రక్ వచ్చేదాకా కదల్లేదు. అమ్మకు చల్లటి నీళ్ళు, పిల్లలకు పరోటాలు ఇచ్చాడు. లోడు ఆలస్యమైనందుకు ఆయనకు మాట పడే ఉంటుంది. పేరు అడగడం కుదరలేదు. ఇంటర్‌స్టేట్ 40 మీద లారీ నడిపే పంజాబీ మిత్రులు మీలో ఎవరికైనా ఉంటే, జూలై మొదటి వారంలో హోల్‌బ్రూక్ దగ్గర ఒక తెలుగు కుటుంబం కోసం ఆగినదెవరో కనుక్కుని మా నమస్కారం చెప్పండి.