ఫాంటును నొక్కితే సన్నబడదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీల హెడ్డింగులకు సన్నగా, కొసలు గుండ్రంగా ఉండే అక్షరాలు వాడుతున్నారు. చూడ్డానికి కొత్తగా ఉంది, కాదనను. కానీ అది సన్నగా గీసిన ఫాంటు కాదండీ, మామూలు గుండ్రటి ఫాంటునే హారిజాంటల్ స్కేల్ (అంటే అక్షరం వెడల్పు శాతం) తగ్గించి నొక్కేశారు, డీటీపీ పని చేసేవాడికి చూడగానే తెలిసిపోతుంది. అలా నొక్కితే నిలువు గీతలు పలచబడతాయి, అడ్డగీతల మందం మాత్రం అలాగే ఉంటుంది, గుండ్రంగా తిరగాల్సిన కొస మొన తేలుతుంది. మొన్న ‘రథం’ అని పెట్టిన హెడ్డింగులో థ పొట్టలోని చుక్క పక్క గీతకు అంటుకుపోయి ‘రధం’ అయి కూర్చుంది. అసలే కథని కధ అని రాసేవాళ్లు ఊరినిండా ఉన్నారు, వాళ్లకు పత్రిక కూడా తోడైతే ఎలా?

జర్మనీలో రోడ్డు బోర్డులకు వాడిన డిఐఎన్ 1451 అనే ఫాంటులో ఇరుకు చోట్ల కోసం సన్న రకాన్ని విడిగా గీశారు, వెడల్పుదాన్ని తెచ్చి నొక్కలేదు. అదీ ఇంగ్లిష్ అక్షరాల్లాంటివే, వాటికి కింద ఒత్తుల గొడవ లేదు. మనకు అడ్డంగా ఎంత చోటు మిగిల్చినా ‘స్వాతంత్ర్యం’లో త కింద వేలాడే రెండు ఒత్తులకు నిలువు చోటు ఇచ్చి తీరాలి. మీ రెండు లైన్ల హెడ్డింగుల్లో పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతున్నాయి చూడండి. పోనీ అని లీడింగ్ (లైన్ల మధ్య ఎడం) పెంచారా, మిగిలిందనుకున్న చోటు కాస్తా అక్కడే ఖర్చయిపోతుంది.

గుండ్రటి కొసల మీద నాకేం కోపం లేదు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి పదును మూలలు ఎలాగూ మొద్దుబారతాయి, ముందే గుండ్రంగా ఉంటే పోయేదేం లేదు. 1979లో ఫోక్స్‌వ్యాగన్ కార్ల కంపెనీ కోసం వచ్చిన వాగ్ రౌండెడ్ అనే గుండ్రటి ఫాంటుని ఆపిల్ కీబోర్డుల మీద ఏళ్ల తరబడి వాడారు, మీటకో అక్షరం, ఎంత హాయిగా ఉండేదో. పిల్లల పేజీకి, వంటల పేజీకి ఆ మెత్తదనం బాగా నప్పుతుంది. బస్సు బోల్తా పడి మనుషులు పోయారన్న వార్తకు అదే అక్షరం పెడితే మాత్రం చదవడానికే అదోలా ఉంటుంది (మా ఇంట్లో అయితే ఇది ఏదో ప్రకటన అనుకున్నారు).

తెలుగులో గుండ్రటి ఫాంటే కావాలంటే ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ల ‘బాలూ తమ్ముడు’ అనే ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది బొద్దుగా ఉంటుంది, ఇరుకు కాలమ్‌లో పట్టదు, నిజమే. పట్టకపోతే హెడ్డింగులో ఒక మాట తగ్గించండి, సబ్ ఎడిటర్లకు అదేం పెద్ద పని కాదు. లేదంటే సన్న రకాన్ని ఎవరితోనైనా ప్రత్యేకంగా గీయించుకోండి. అప్పటిదాకా ఆ స్కేల్ జోలికి పోవద్దని మీ పేజీలు పెట్టేవాళ్లకు చెప్పండి. రైలు వేళల పట్టికలో అంకెలకు వాడుతున్న సన్న అక్షరం మాత్రం మార్చకండి, అక్కడ అది చక్కగా అమరింది.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి