స్కార్బరో (టొరంటో, కెనడా) భవనం అటక పని: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం. తెలుగు బడి నడిచే మన ఇంటి అటకలో రాకూన్ (ముఖం మీద నల్ల చార ఉండే, చెట్లూ కప్పులూ ఎక్కే అడవి జంతువు) పిల్లలు పెట్టిన దగ్గర్నుంచి పైకప్పు పని ముగిసేదాకా వచ్చిన డబ్బూ పోయిన డబ్బూ ఇవి. గ్రూపులో లెక్క అడిగినవాళ్లకూ, అడక్కుండా పక్కవాళ్ల దగ్గర గొణిగినవాళ్లకూ ఇదే జవాబు. అంకెలన్నీ డాలర్లలో.

జమ
భవన నిధి పాత నిల్వ: 1,140
ఉగాది నాటి హుండీ: 865
41 కుటుంబాల చందా, ఇంటికి 80 చొప్పున: 3,280
గారెలు, పులిహోర అమ్మకం: 412
మొత్తం: 5,697

మినప్పప్పు, నూనె సొంత ఖర్చుతో తెచ్చుకుని మరీ గారెలు వేసిన అక్కయ్యలకు చేతులెత్తి దణ్ణం.

ఖర్చు (13 శాతం పన్ను కలిపి)
తనిఖీ: 169.50
తల్లినీ పిల్లల్నీ బయటికి పంపించడం: 1,243.00
చూరు పలకలు, కంతలకు ఇనుప జాలీ: 1,921.00
అటక శుభ్రం, కొంతమేర కొత్త ఇన్సులేషన్ (చలిని ఆపే పొర): 2,486.00
బడికి అద్దె గది: 240.00
జిరాక్సులు, బ్యాంకు చార్జీలు: 31.50
మొత్తం: 6,091.00

జాలీ బిల్లు మీద ఎవరికీ పేచీ లేదు. గొడవంతా ఆ 1,243 దగ్గరే. "450కే బోను పెట్టి, ఊరి బయట అడవిలో వదిలేస్తానన్న మనిషిని ఎందుకు కాదన్నారు?" అని అడుగుతున్నారు. కాదనక ఏం చేయమంటారు? మన ఒంటారియో రాష్ట్రంలో పట్టిన జంతువును 24 గంటల్లోపు, పట్టిన చోటికి కిలోమీటరు లోపలే వదలాలి. ఊరి బయట వదలడం చట్టవిరుద్ధం. బిల్లు మన సంఘం పేరు మీదే ఉంటుంది కదా. పైగా తల్లిని తీసుకుపోతే పాలు తాగే పిల్లలు గోడల మధ్య చచ్చిపోతాయి. ఆ కంపులో కూర్చుని మన పిల్లలు అ ఆలు దిద్దాలా?

లోపలివి బయటికి పోగలిగి, బయటివి లోపలికి రాలేని తలుపు మొదటి రోజే బిగిస్తే సరిపోయేదిగా అన్నది రెండో ప్రశ్న. పిల్లలు లోపల ఉండగా తల్లిని బయట పెడితే అది ఊరుకోదు, పైకప్పు పెంకులు పీకి కొత్త దారి చేసుకుంటుంది. అందుకే పనివాళ్లు ముందు అటకలోకి పాకారు. చిమ్నీ వెనక, ఇన్సులేషన్ గూట్లో నాలుగు పిల్లలు. కళ్లు అప్పుడే విచ్చుకుంటున్నాయి, ముఖం మీద నల్ల చార మాత్రం పెద్దదానికి ఉన్నట్టే ఉంది, అరుపు పిట్టల కిచకిచలా ఉంది. మందపు చేతి తొడుగులతో ఒక్కొక్కదాన్నీ తీసి, వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టి, కప్పు మీద ఆ తలుపు బిగించి, దాని పక్కనే ఉంచారు. రాకూన్ తల్లికి చుట్టుపక్కల ఇంకో రెండు మూడు తావులు ఉంటాయట. రాత్రి వచ్చి, పిల్లను మెడ దగ్గర కరిచి పట్టుకుని, వాన నీళ్ల గొట్టం వెంట తలకిందులుగా దిగింది. ఎదురుగా కారులో కాపలా కూర్చున్న మా సభ్యుడు కళ్లారా చూశాడు. వాన వల్ల ఆ రాత్రి రెండింటినే తీసుకుపోయింది, మిగతావి మర్నాడు.

ఆలస్యం సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పనివాళ్లకు ఊపిరాడదు, తారీఖు దొరకడమే గగనం. తరువాత కూడా కంతలో కాగితాలు కూరి, కొన్ని రాత్రులు అవి కదలలేదని చూశాకే మూశారు. ఏదైనా లోపల ఉండగా మూసేస్తే మొదటికొస్తుంది.

శ్రమదానంతో శుభ్రం చేసుకుంటే 2,486 మిగిలేదని ఒక పెద్దాయన అన్నారు. ఆయన మాట మీద గౌరవం ఉంది, కానీ చీపుర్లిచ్చి ఎవరి పిల్లల్ని పంపమంటారు? రాకూన్ మలంలో ఉండే ఒక రకం నులిపురుగు గుడ్లు ఏళ్ల తరబడి బతుకుతాయి, బ్లీచ్‌కు చావవు. దుమ్ముతో నోట్లోకి పోతే పురుగు మెదడు దాకా ఎక్కగలదు. బతుకమ్మ తాంబాలాలు పెట్టిన అట్టపెట్టెల మీదే రాకూన్ మరుగుదొడ్డి పెట్టుకుంది. పెట్టెలు పారేశాం, తాంబాలాలు మరిగే నీళ్లలో వేసి తీశాం. ఇన్సూరెన్స్ అడగలేదా అంటారేమో, అడిగాం. మన పాలసీలో రాకూన్ నష్టానికి పరిహారం లేదని పేరు పెట్టి మరీ రాసుంది.

ఇంకొకటి. ప్రసాదం మిగిలితే బిన్ పక్కన కవరులో వదిలి వెళ్లకండి. నగరపాలక సంస్థ 2016 నుంచి తాళం మూత ఉన్న ఆకుపచ్చ బిన్లు ఇచ్చింది, మూత తిప్పడం మనకే బరువైపోతోంది.

తేడా 394 డాలర్లు. కోశాధికారి గారు సొంత జేబులోంచి కట్టారు. ఇస్తామని ఉగాది నాడు మైకులో చెప్పిన తొమ్మిది కుటుంబాల నుంచి 720 రావాలి. పేర్లు చదవం, ఈసారికి. అవి వస్తే ఆయన బాకీ తీరి 326 మిగులుతుంది. చిమ్నీకి మూత ఇంకా వేయలేదు, దానికి 339 అడుగుతున్నారు. ఆ పదమూడు డాలర్లు ఎవరైనా ముందుకొస్తే సంతోషం. బిల్లులన్నీ ఆదివారం బడి వేళల్లో కోశాధికారి దగ్గర చూడొచ్చు.

భవన కమిటీ