మిలటరీ మాధవరానికి ఒక గది కావాలి

సంపాదకులకు నమస్కారం.

తాడేపల్లిగూడెం దగ్గరి మా మాధవరం మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషులను పంపుతున్న ఊరు. జెండా పండుగలకు అందరికీ గుర్తొస్తాం. మగవాళ్లు సరిహద్దులో ఉంటే ఇక్కడి ఆడవాళ్ల సాయంత్రాలు ఎలా గడుస్తాయో మాత్రం ఎవరూ అడగరు.

నా పుట్టిల్లు నరసాపురం వైపు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన అక్కడి లేసు అల్లికను ఆదివారాలు మా అరుగు మీద నేర్పుతున్నాను. మొదట సైనికుల భార్యలే వచ్చేవారు. తరువాత పదవీ విరమణ చేసిన సుబేదారు గారొకరు వచ్చి కూర్చున్నారు. నవ్వినవాళ్లు నవ్వారు. ఇప్పుడు గొలుసు అల్లిక అందరికన్నా సమంగా వచ్చేది ఆయనకే! "తుపాకీ విప్పి బిగించిన వేళ్లమ్మా ఇవి" అంటారు.

వాన పడితే అరుగు పనికిరాదు. ఊళ్లో ఒక భవనం వారానికి రెండు గంటలు ఇమ్మని అడిగితే, అది కార్యక్రమాలకేనన్నారు. మాది కార్యక్రమం కాదట. అధికారులు ఒక గది ఇప్పించి, నరసాపురం దగ్గరి రుస్తుంబాద లేసు పార్కు నుంచి నెలకొకసారి శిక్షకురాలిని పంపితే చాలు. దారం మేమే కొనుక్కుంటాం.

– ఒక మాజీ సైనికుని భార్య, మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా