కిడ్ రక్తవర్గం ఊసే లేదు

సంపాదకులకు,

రక్తదానంపై వచ్చే వ్యాసాలన్నీ ఏబీవో, ఆర్‌హెచ్ దగ్గరే ఆగిపోతున్నాయి. 1951లో వెలుగుచూసిన కిడ్ వర్గం గురించీ రాయండి. 18వ క్రోమోజోమ్‌పై ఉన్న ఒక జన్యువు, ఎర్ర రక్తకణం పొరలో యూరియాను చేరవేసే ప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. కిడ్ యాంటిజెన్లు (కణం తనదో పరాయిదో శరీరం పోల్చుకునే గుర్తులు) ఉండేది ఆ ప్రోటీన్ మీదే. ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడాతో జేకే-ఏ, జేకే-బీ అనే రెండు కిడ్ యాంటిజెన్లు వేరవుతాయి.

అసలు చిక్కు, తనలో లేని యాంటిజెన్‌పై దాడికి శరీరం తయారుచేసే యాంటీబాడీలతోనే. సరిపడని రక్తం ఎక్కినప్పుడు పుట్టి, కొన్ని నెలల్లోనే పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతాయి. (నక్కి ఉన్న దొంగలే!) మళ్లీ అదే యాంటిజెన్ ఉన్న రక్తం ఎక్కితే, కొద్ది రోజులకు విజృంభించి ఆ కణాలను ధ్వంసం చేస్తాయి. అప్పుడొచ్చే జ్వరానికి, కామెర్లకు రక్తమార్పిడే కారణమని తట్టకపోవచ్చు.

కాబట్టి యాంటీబాడీ ఒక్కసారి బయటపడినా రోగి చేతికి ఆ సంగతి రాసిన కార్డు ఇవ్వాలి. తర్వాతి పరీక్షలో కనిపించకపోయినా ఆ యాంటిజెన్ లేని రక్తమే ఎక్కించాలి.

– ఒక పాఠకుడు